సైగాన్ నుంచి జహనుమాకి

తొంభైల మధ్యలో నేను పాతబస్తీలో ఒక ఆడపిల్లల ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మావారికి నయాపూల్ దగ్గర ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. తెనాలి వైపు నుంచి వచ్చి మాదన్నపేటలో అద్దెకు దిగి అప్పటికి రెండేళ్ళయింది. కూరగాయల మార్కెట్లో నేను "వంకాయలు ఎంతండీ" అంటే అమ్మే ఆమె పక్కామె వైపు తిరిగి "ఆంధ్రోళ్ళు" అని చెప్పి నవ్వేది. అందులో ఎగతాళి కూడా పెద్దగా ఉండేది కాదు. అయినా ఇంటికొచ్చాక ఆ మాట మావారికి రెండుసార్లు చెప్పేదాన్ని.

స్కూల్లో కుట్టు నేర్పే టీచరు ఒకామె ఉండేది. వయసు యాభైకి దగ్గర. పొట్టిగా, సన్నగా, తల మీద దుపట్టా జారకుండా పిన్ను పెట్టుకుని, మణికట్టుకి చిన్న గుడ్డ దిండు కట్టుకుని దాని నిండా గుండుసూదులు గుచ్చుకుని తిరిగేది. పిల్లలూ టీచర్లూ అందరం ఆమెను ఆపా అనేవాళ్ళం. ఉర్దూలో అక్క అని. ముఖం చూస్తే నేపాల్ మనిషిలా అనిపించేది. ఏ ఊరని నేనెప్పుడూ అడగలేదు. మా ఇంటి ఓనరమ్మ నన్ను "మీదేవూరు, ఎందుకొచ్చిన్రు, ఎన్నాళ్ళుంటరు" అని అడిగి అడిగి విసిగించేది కాబట్టి ఆ ప్రశ్న నేను ఇంకొకరిని అడగకూడదనుకున్నాను.

ఒకరోజు పదో తరగతిలో పాఠం చెబుతున్నాను. వియత్నాం గురించి పుస్తకంలో అర పేజీ ఉంది. దేశం రెండు ముక్కలుగా ఉండటం, అమెరికా సైన్యం రావడం, పోవడం, రెండు ముక్కలూ ఒకటి కావడం. నేను చదివి బోర్డు మీద మూడు పాయింట్లు రాశాను. రెండో బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది.

"టీచర్, మన కుట్టు ఆపాది గదే దేశం."

క్లాసంతా నవ్వింది. పెద్దవాళ్ళ మీద హాస్యాలాడొద్దని నేను మందలించాను.

"సచ్చి టీచర్, నిజంగనే. మా గల్లీలనే ఉంటది. విమానంల వచ్చిందంట, మా నానమ్మ చెప్పింది."

మధ్యాహ్నం అన్నాల వేళకి స్టాఫ్ రూములో ఆపా పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం పూర్తయ్యాక తలెత్తింది.

"అవును. సైగాన్. ఎవరు చెప్పిన్రు?"

"పిల్లలు. నేను మీది నేపాల్ అనుకున్నాను ఆపా. ఏమీ అనుకోకండి."

"గల్లీ అంత నన్ను చీనీ ఖాలా, చైనా పిన్ని, అంటది. నువ్వు నేపాల్ దాంక వచ్చినవు. ఇంక జర ముందుకు పోవాలె," అని నవ్వింది.

మరుసటి వారం ఆమెను నా క్లాసుకి తీసుకెళ్ళాను. పిల్లలు చాలా బుద్ధిగా కూర్చున్నారు. అక్కడ ఏం తింటారు అని ఒకరు, అక్కడ చార్మినార్ లాంటిది ఉందా అని ఒకరు అడిగారు. చివరికి ఒక అమ్మాయి "మరి మీ దేశం వదిలిపెట్టి ఎందుకొచ్చిన్రు ఆపా?" అంది.

"ఆడపిల్లకు పెళ్ళయితే అత్తగారింటికి పోతది గద. నా అత్తగారిల్లు ఈడనే, పాతబస్తీ జహనుమాల ఉండె. గందుకు వచ్చిన."

పిల్లలకి అది సరిపోయింది. నాకూ సరిపోయింది. నేను కూడా అట్లాగే వచ్చాను కదా అనుకున్నాను.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. శనివారాలు ఒంటిపూట బడి అయ్యాక ఆమెతో పాటు జహనుమా దాకా వెళ్ళేదాన్ని. రెండు గదులు, ముందు చిన్న వాకిలి. వాకిట్లో కుట్టు మిషను. ఆమె భర్త అప్పటికి బతికే ఉన్నాడు. చార్మినార్ దగ్గరి మదీనా సెంటర్లో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. మర్యాదస్తుడు. నన్ను చూడగానే లేచి పక్క గదిలోకి వెళ్ళి, అక్కడి నుంచే "టీచరమ్మకు చాయ్ పెట్టు" అనేవాడు. ఒక్కతే కూతురు, రెండు గల్లీల అవతల ఇచ్చారు. పక్కిల్లు బర్రెలవాళ్ళది. తరాలుగా పాల వ్యాపారం. ఆపా తెలుగు నేర్చుకున్నది ఆ ఇంటి ఆవిడ దగ్గరే. అందుకే ఆమె తెలుగులో నాకు అర్థంకాని మాటలు కూడా ఉండేవి.

మా ఊరి గురించి అడిగితే చెప్పేదాన్ని. కాలవలు, లాకులు, నీళ్ళు వదిలిన రోజు వరిచేల వాసన. ఆమె పని ఆపి వినేది.

"మా అమ్మమ్మ ఊరు గూడ గిట్లనే," అని ఒకసారి అంది. "సైగాన్‌కి దక్షిణం దిక్కు. ఇంటి ముందు కాలువ. అంగడికి పోవాలన్నా పడవే, సావుకు పోవాలన్నా పడవే. ఈడికొచ్చిన ఏడు నేను మొదలు అడిగిన మాట ఏందో ఎర్కనా? నది ఏడ ఉన్నది అని. మా ఆయన తీస్కపోయి మూసీ చూపెట్టిండు."

"ఏమన్నారు మరి?"

"ఏమంట? మళ్ళ ఎన్నడు అడుగలే."

వచ్చిన కొత్తలో ఆమె చేసిన ఒక పని గురించి గల్లీలో ఇంకా చెప్పుకునేవారు. వాళ్ళ దేశంలో చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి, ఆ ఊటని ప్రతి కూరలోనూ పోసుకుంటారు. అది లేక ఆమెకు అన్నం సయించలేదు. బేగంబజారు నుంచి చేపలు తెప్పించి మిద్దె మీద జాడీలో పెట్టింది. ఎండాకాలం రెండో వారానికి గల్లీ అంతా వాసన. ఆడవాళ్ళు గుంపుగా వచ్చి లొల్లి పెట్టారు. కొత్తగా వచ్చిన కోడలు, పైగా పరదేశం మనిషి. భయపడి జాడీ పారబోయడానికి మెట్లెక్కబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"గుమ్మంల నిలబడి ఏమన్నదో తెల్సా?" అని ఆపా చెప్పేది. "నా కోడలు అచార్ పెట్టుకున్నది. మీ ఇండ్లల్ల అచార్లు పెడితె నేనెన్నడన్న వాసన సూసిన్నా? పోన్రి, అన్నది. ఉర్దూల ఇంక గట్టిగ అన్నది, గది నేను నీకు చెప్ప."

ఆ అత్తగారు నేను వచ్చేనాటికే పోయింది. ఆమె మాట వచ్చినప్పుడల్లా ఆపా గోడకున్న ఆమె ఫోటో వైపు ఒకసారి చూసేది.

రెండేళ్ళ తర్వాత ఆపా భర్త గుండె ఆగి పోయాడు. దుకాణంలోనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే. స్కూల్లో టీచర్లందరం వెళ్ళాం. ఆమె ఏడవలేదు. అందరికీ నీళ్ళు అందించమని కూతురికి చెబుతూ కూర్చుంది. ఇద్దత్ అని నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండి, తిరిగి స్కూలుకి వచ్చిన రోజు నన్ను పక్కకి పిలిచింది.

"ఇంగ్లీషు కాయిదాలు సదవాలె టీచరమ్మా. ఇంటికి రా."

మంచం మీద రెండు కట్టలు పరిచి ఉన్నాయి. ఒకటి ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఆమె చెల్లెలు అక్కడ ఉంటుంది. ఆపా వచ్చిన కొన్నేళ్ళకి సముద్రం మీద పడవలో దేశం దాటి, మలేషియా దగ్గర ఒక దీవిలో శరణార్థుల శిబిరంలో ఉండి, అక్కడి నుంచి ఆస్ట్రేలియా వాళ్ళు తీసుకుంటే వెళ్ళి స్థిరపడింది. బావ పోయాడని తెలిసి, ఇక ఒక్కదానివి అక్కడెందుకు, నా దగ్గరికి వచ్చెయ్యి అని దరఖాస్తు పంపించింది.

రెండో కట్ట ఇక్కడిది. ఆపా ఇన్నేళ్ళూ ఇండియాలో పరదేశీయురాలిగానే ఉంది. ఏటా పోలీసు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి ఉండటానికి అనుమతి పొడిగించుకునేది. ఎప్పుడూ భర్త వెంట ఉండేవాడు. ఈసారి కూతురితో వెళితే కౌంటర్లో ఉన్న పెద్దాయన అన్నాడట: "ఇన్నేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నారు, ఇక్కడి మనిషిని చేసుకున్నారు. పౌరసత్వానికి ఎందుకు పెట్టుకోరమ్మా?" అని. ఆయనే దరఖాస్తు ఇచ్చి పంపాడు.

"రెండు సదువు," అంది ఆపా. "అంత సదివినంక చెప్త."

ఆస్ట్రేలియా కాగితాలు ముందు చదివాను. ప్రతి గడికీ అర్థం చెప్పాను. అక్కడ ఎవరున్నారు, ఏ పని వచ్చు, ఏ భాషలు వచ్చు. ఆమె శ్రద్ధగా విని, కాగితాలు మడిచి కవరులో పెట్టేసింది.

"చెల్లె మంచిగ పిలుస్తున్నది. మంచి దేశమంట. గని నాకు ఇంకో భాష వద్దు టీచరమ్మా. ఈడికొచ్చినప్పుడు ఉప్పు అడుగుడు గూడ రాకుండె. చేతితోని చూపెట్టిన. ఉర్దూ నేర్చుకున్న, తెలుగు నేర్చుకున్న. ఇప్పుడు అంగడికి పోతె అడుగకుండనే కొత్తిమీర కట్ట సంచిల ఏస్తరు. నా బిడ్డ ఈడ ఉన్నది. ఆయన, అత్తమ్మ ఈడి మట్టిల ఉన్నరు. నేనేడికి పోత?"

"మరి ఇన్నేళ్ళు ఇక్కడ పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు ఆపా?"

బీరువాలోంచి పాత పాస్‌పోర్టు తీసి చూపించింది. సైగాన్ రాజధానిగా ఉన్న దేశానిది. ఆ దేశం పటంలో లేకుండా పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

"ఇది ఇచ్చేస్తె మా అమ్మ దిక్కు తొవ్వ బందైతదని ఉండె. అమ్మ ఎప్పుడో పోయింది. అయినా ఇయ్యబుద్ధి కాలే."

ఇక్కడి దరఖాస్తు నింపడం మొదలుపెట్టాం. ఇండియాకు రావడానికి కారణం అని ఒక గడి ఉంది. ఒక్క వరస జాగా. నేను పెన్సిల్‌తో 'వివాహం' అని ఇంగ్లీషులో రాశాను. ఏం రాశావని అడిగింది. చెప్పాను.

"గది క్లాసుల పిల్లలకు చెప్పిన మాట," అంది. "పెళ్ళయినంక తొమ్మిదేండ్లు ఆడనే ఉన్న గద. ఈడికి వచ్చే పనే లేకుండె."

అప్పుడు చెప్పింది. ఆమె తల్లి సైగాన్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ఆపా భర్త ఒక తమిళ వ్యాపారి బట్టల దుకాణంలో పనికి హైదరాబాదు నుంచి అంత దూరం వెళ్ళినవాడు. తల్లి దగ్గరికి తాన్లు తెచ్చి ఇచ్చేవాడు. అట్లా చూసుకున్నారు, పెళ్ళి చేసుకున్నారు. కూతురు పుట్టింది. అక్కడే ఇల్లు, అక్కడే బతుకు. డెబ్బై అయిదులో నగరం ఉత్తరం వాళ్ళ చేతికి వెళ్ళింది. కొన్ని నెలలకి దుకాణాలకు తాళాలు పడ్డాయి. చెల్లెలి భర్త పాత సైన్యంలో గుమాస్తా. పది రోజులు పాఠాలు చెప్పి పంపిస్తామని తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. పనులు లేనివాళ్ళను అడవులు కొట్టి సాగు చేసుకోండని ఊళ్ళ అవతలికి పంపిస్తున్నారు. ఇండియావాళ్ళకు మాత్రం విమానాలు వేస్తున్నారు, పేర్లు ఇవ్వమన్నారు.

"ఆయన వారం దాంక పేరియ్యలే. నువ్వు రాకుంటె నేను పోను అన్నడు. నేను రాను అన్న. అమ్మను, చెల్లెను ఇడిసిపెట్టి ఎట్ల వస్త? గప్పుడు అమ్మ పొద్దుగాల్నే ఒక సంచి పట్టుకొని వచ్చింది. పిల్లకు రెండు కొత్త గౌన్లు కుట్టి తెచ్చింది. నీ మొగనికి పోతందుకు ఇంకో దేశం ఉన్నది, మాకు లేదు, ఉన్నోళ్ళు పోవాలె, అన్నది. ఆర్నెల్లల్ల వచ్చి నీ ఇల్లు చూస్త అన్నది. రాలే. మూడేండ్లకు ఆడనే పోయింది."

లేచి వాకిట్లోకి వెళ్ళింది. మిషను మీద గుడ్డ కప్పింది, తీసింది.

"అమ్మను ఇడిసిపెట్టి వచ్చిన. గది రాయి."

నేను రాయలేకపోయాను. పెన్సిల్ మాట చెరిపేసి ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. చివరికి, అక్కడ జీవనాధారం పోవడం వల్ల భర్త, బిడ్డతో కలిసి భర్త స్వదేశానికి వచ్చాను అని రాసి, తెలుగులో చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

"మంచిగున్నది. అబద్ధం లేదు," అంది.

దరఖాస్తు ఇచ్చిన రోజు మావారు సెలవు పెట్టి మాతో వచ్చారు. కౌంటర్లో పెద్దాయన పాత పాస్‌పోర్టు పేజీలు తిప్పి చూశాడు.

"ఈ దేశం ఇప్పుడు లేదు కదమ్మా."

"లేదు సార్. నేనైతే ఉన్న."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమె వైపు చూసి, కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాడు. తర్వాత రెండుసార్లు విచారణకి ఇంటికొచ్చారు. పక్కింటి బర్రెలావిడ వాళ్ళను వాకిట్లోనే పట్టుకుని, ఆపా మంచితనం గురించి అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపింది. కాగితం చేతికి రావడానికి ఏడాది పైనే పట్టింది. వచ్చిన రోజు ఆపా స్కూలుకి లడ్డూలు తెచ్చింది. పిల్లలకి ఏం అర్థంకాలేదు. "ఇన్ని దినాలు ఇండియన్ కాదా ఆపా?" అని అడిగి లడ్డూలు తిన్నారు.

ఇదంతా అయిన నాలుగైదేళ్ళకి, ఒక చలికాలం ఆమె చెల్లెలు హైదరాబాదు వచ్చింది. అప్పటికి నేను ఇంకో స్కూలుకి మారాను. అయినా విమానాశ్రయానికి నన్నూ రమ్మంది. బేగంపేటలో గాజు తలుపుల బయట నిలబడ్డాం. ఆపా పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "గుర్తుపట్టకపోతే ఎట్ల?" అని మూడుసార్లు అడిగింది. లోపల నుంచి పొట్టి జుట్టు, ప్యాంటు, చేతిలో పెద్ద సంచీ ఉన్న ఒకావిడ బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి గుర్తుపట్టారు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత కలిసినవాళ్ళు గట్టిగా ఏడుస్తారనుకున్నాను. చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి తిప్పి చూసింది. సూది గుచ్చుకున్న గీతలు ఇద్దరి వేళ్ళ మీదా ఉన్నాయి. ఆమె కూడా ఆస్ట్రేలియాలో ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే బతికిందట.

జహనుమాలో గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. భోజనాలయ్యాక చెల్లెలు నాతో మెల్లగా ఇంగ్లీషులో, అక్కతో వాళ్ళ భాషలో మాట్లాడుతూ కూర్చుంది. సంచీలోంచి ఒక పాత చొక్కా కాలరు తీసింది. కాలరు మాత్రమే. లోపలి వైపు ఎర్ర దారంతో ఇంగ్లీషు అక్షరాలు కుట్టి ఉన్నాయి. జహనుమా ఇంటి అడ్రసు. తల్లికి ఇంగ్లీషు రాదు. అల్లుడు రాసిచ్చి వెళ్ళిన చీటీ ఎదురుగా పెట్టుకుని, ముగ్గు చూసి వేసినట్టు ఒక్కొక్క అక్షరం కుట్టిందట. ఇది ఒంటి మీద ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అక్క దొరుకుతుంది అందట. తల్లి పోయాక చెల్లెలు ఆ చొక్కా వేసుకునే పడవెక్కింది. దీవి శిబిరం నుంచి రాసిన మొదటి ఉత్తరం ఆ కాలరు చూసి రాసిందే.

ఆపా కాలరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమింది. తర్వాత వాళ్ళ భాషలో ఏదో అడిగింది. చెల్లెలు చాలాసేపు జవాబు చెప్పింది. చెబుతుండగా నవ్వింది. ఆపా మాత్రం దుపట్టా ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నేను పోయిన దినం అమ్మ ఎట్లున్నదని అడిగిన," అని కాసేపటికి చెప్పింది. "ఇన్నేండ్ల సంది అడుగుతందుకు భయం నాకు. ఉత్తరంల రాస్త, చింపేస్త. విమానం పోయినంక ఇంటికి వచ్చి రెండు గిన్నెల అన్నం తిన్నదంట అమ్మ. అంతకు ముందు నెల దినాలు సరిగ తినకుండె. రెండు గిన్నెలు తిని, పగటి పూటనే పండుకొని పొద్దుమీకే దాంక లేవలేదంట. ఒక బిడ్డ ఫికర్ తప్పింది అన్నదంట."

ఆ తర్వాత ఆమె ముఖంలో ఏదో వదులైంది. అది నా భ్రమ కాదు. బర్రెలావిడ కూడా మర్నాడు నాతో అదే మాట అంది.

చెల్లెలు మూడు వారాలు ఉంది. రోజూ పొద్దున్నే ఇద్దరూ మార్కెట్టుకి వెళ్ళేవాళ్ళు. ఇంటి ముందు ఒకే మిషను దగ్గర కూర్చుని మెడ కత్తిరింపు ఇట్లా కాదు అట్లా అని వాదించుకుంటూ అప్పటికి అయిదేళ్ళ మా అమ్మాయికి ఒక గౌను కుట్టారు. ఎవరి మాట నెగ్గిందో తెలియదు గానీ గౌను చాలా బాగా కుదిరింది.

మరుసటి ఎండాకాలం ఆపా ఇండియా పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియా వెళ్ళింది. మూడు నెలలని వెళ్ళి రెండు నెలలకే వచ్చేసింది. చూడ్డానికి వెళ్ళాను. ఒళ్ళు చేసింది. సంతోషంగా ఉంది.

"చెల్లె మంచిగున్నది. పెద్ద ఇల్లు, వెనుక తోట. నిమ్మగడ్డి, పుదీన అన్ని పెట్టింది. బిడ్డ దగ్గరనే ఉంటది, అల్లుడు కొడుకు లెక్క చూస్తడు. నాకింక దాని ఫికర్ లేదు."

"మరి ఒక నెల ముందే ఎందుకొచ్చేశారు?"

"సడకుల మీద మనుషులే ఉండరు టీచరమ్మా. పొద్దుగాల లేస్తె పాలోడు పిలువడు, అజాన్ వినబడదు, ఎవ్వరు లొల్లి పెట్టరు. నాకు నిద్ర పట్టలే."

చెప్పేసి లేచి, చెప్పులేసుకుని, సాయంత్రం కూరకి ఏమన్నా తెద్దాం రమ్మంది. ఇద్దరం సంచీ పట్టుకుని బయలుదేరాం.